చెవుల పెద్దమ్మ ఏరిన మిషను

చెవులు పెద్దవని ఆవిడకు ఆ పేరు పెట్టలేదు. నిజానికి అవి చిన్నవే, జుట్టు కింద ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. పాత కుట్టు మిషను ఏదైనా సరే, చక్రం తిప్పి, కళ్లు మూసుకుని విని, అది ఇంకా పనిచేస్తుందో లేదో చెప్పేసేది. అందుకని వీధిలో ఎవరో గడుగ్గాయి చెవుల పెద్దమ్మ అన్నాడు, అది కాస్తా అతుక్కుపోయింది. కొన్నాళ్లకు ఉత్తరాలు తెచ్చే మనిషి కూడా అదే పేరుతో కేకేసేవాడు. ఆవిడ పైకి విసుక్కునేది గాని లోలోపల మురిసిపోయేది. మురిసిపోవడంలో తప్పేమీ లేదు. ఆ పేరుకు ఆధారమైన చెవులు కాస్తా పోయాక కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు చూశారా, తప్పల్లా అక్కడ జరిగింది.

ఆవిడ పని బొంతలు కుట్టడం. ఇళ్లలో మూలన పడ్డ చొక్కాలు, పరదాలు, పిల్లలకు పొట్టివైపోయిన గౌన్లు మూటగట్టి తెచ్చి ఇస్తే, వాటిని ఉతికి, ముక్కలుగా కత్తిరించి, రంగు పక్కన రంగు పేర్చి, మధ్యలో దూది పొర పరిచి, అడుగున గట్టి గుడ్డ వేసి కుట్టేది. చలికాలం ముందు ఆ ఇంటి ముందుగదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మంచం మీద ముక్కలు, కుర్చీల మీద ముక్కలు, కిటికీ చువ్వలకు దారం ఉండలు. బస్సు తోలే కొడుకు పనినుంచి వచ్చి అన్నం తినడానికి కూడా ఒక మూల ఖాళీ చేయించుకోవాల్సి వచ్చేది.

మిషన్ల విద్య ఆవిడకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. బల్ల కింద కూర్చుని మరలు అందిస్తూ పెరిగిన పిల్ల, ఆటబొమ్మల కన్నా ముందు మిషన్ల గొంతులు గుర్తుపట్టడం నేర్చుకుంది. మరమ్మతుకు వచ్చిన ప్రతిదాన్నీ ఆయన ముందు కూతురికి వినిపించేవాడు. ఎక్కడ నొప్పో చెప్పమనేవాడు. ఆ పిల్ల వేలు పెట్టి చూపించిన చోటే విప్పేవాడు. ఆయన కొట్టు మూసేసినప్పుడు ఆఖర్న మిగిలిన మిషను కూతురింటికి చేరింది. నల్లటి ఇనుప మిషను, కింద తొక్కుడు పలక, పక్కన పెద్ద చక్రం, తోలు పట్టీ. భర్త పోయాక ఆవిడ రాత్రీ పగలూ దానిమీదే కూర్చుని కొడుకును పెంచింది. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. కొడుకు చిన్నప్పుడు ఒకసారి చక్రం మీద గోళీలు దొర్లించి తిన్న దెబ్బలు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కొత్త మిషన్లంటే ఆవిడకు గిట్టదు. పల్చటి గుడ్డ మీద అవి చకచకా పరిగెడతాయని ఒప్పుకునేది. కానీ బొంతలో అతుకు మీద అతుకు వచ్చిపడే చోట, ఆ మందాన్ని చూసి లోపలి ప్లాస్టిక్ పళ్లు ఏడుపు లంకించుకుంటాయనేది. బొంతకు పాత ఇనుప మిషనే కావాలి. అలాగని పాతదల్లా బంగారం కాదు. తళతళా మెరిసేదాన్ని ఆవిడ అస్సలు నమ్మదు, తుప్పు మీద రంగేసి అంటగడుతున్నాడనే లెక్క. ఎవరిదో చెయ్యి రాసుకుని రాసుకుని రంగు అరిగిపోయిన మిషనంటే ఇష్టం, అంటే దాన్ని వాడుతూ చూసుకున్నారన్నమాట. సూది కింది రేకు తీసి దూది ఎంత పేరుకుందో చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని నూనె బంకగా మారిందేమో వాసన చూసేది. ఇదంతా అయ్యాక, దారం తీసేసి చక్రం తిప్పి, కళ్లు మూసుకునేది. తర్వాత అనేది రెండే మాటల్లో ఒకటి. బతుకుతుంది, లేదా బతకదు. ఆ మాటకు తిరుగుండేది కాదు.

చెవులు ఒక్కరోజులో పోలేదు. ముందు వాన చప్పుడు పోయింది. కిటికీ అద్దం మీద నీళ్లు జారుతుంటే చూసి, అరే వాన పడుతోందే అనుకునేది. తర్వాత పొయ్యి మీద మరిగే నీళ్లు, తలుపు కొట్టే చప్పుడు, వెనకనుంచి పిలిచే మనుషులు ఒక్కొక్కటిగా పోయాయి.  చెవుల పెద్దమ్మకు చెవులు లేవంటే వీధి ఎంత నవ్వుతుందో ఊహించుకునే సరికి చెమటలు పట్టేవి. నవ్వు సంగతి అటుంచి, ఇక తన దగ్గరికి ఎవరు వస్తారు? అందుకని తంటాలు మొదలుపెట్టింది. ఎవరైనా వస్తే వాళ్ల మూతికి ఎదురుగా కూర్చునేది. వాళ్లకు అవకాశం ఇవ్వకుండా తనే గడగడా మాట్లాడేది. నలుగురు నవ్వితే ఐదో నవ్వు తనది. అర్థం కాని చోట తలాడించేది. మనిషి వాగుడుకాయ అయిపోయిందని ఇరుగుపొరుగు అనుకున్నారు గాని, చెవులు పోయాయని ఎవరూ అనుకోలేదు.

దీనికి తోడు ఈమధ్య మిషను తొక్కడం కూడా కష్టమైంది. పలక బరువెక్కినట్టు ఉండేది. ఇక మోకాళ్లు కూడా ముసలివయ్యాయి కాబోలనుకుని, పొద్దున్నే గోరువెచ్చటి నూనె మోకాళ్లకు పట్టించుకుని కూర్చునేది. ఆ వాసనకు కొడుకు ముక్కు మూసుకుని బయటికి నడిచేవాడు.

అలాంటి రోజుల్లో కోడలు వచ్చింది. నెమ్మదైన పిల్ల. గొంతు పుట్టుకతోనే చిన్నది, పక్కన కూర్చున్నవాళ్లకే అంతంత మాత్రంగా అందుతుంది. పెద్దమ్మకు ఆ పిల్ల పెదవులు కదలడం తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. పైగా ఆ పిల్ల తల వంచుకుని మాట్లాడేది కాబట్టి అదీ సరిగా కనపడేది కాదు. మాటకారి కాదు పాపం అని అందరితో చెప్పి సరిపెట్టేసింది.

కానీ ఆ పిల్ల కన్ను మంచిది. ఒకరోజు పెద్దమ్మ ముక్కలు పరిచి, ఏదో కుదరక అటూ ఇటూ మారుస్తుంటే, కోడలు వచ్చి మూలనున్న వెలిసిపోయిన పసుపు ముక్క తీసి మధ్యలో పెట్టింది. బొంతంతా ఒక్కసారిగా వెలిగింది. పెద్దమ్మ పైకి ఏమీ అనలేదు, పొగిడితే నెత్తికెక్కుతారని ఆవిడ భయం. ఆ వారంలోనే, అమ్మాయికి కూడా ఒక మిషను కావాలి అని కొడుకుతో తేల్చేసింది. తన మిషను ఇవ్వడమన్న ఆలోచనే రాలేదు. ఇంకోటి కొనాలి, తనే ఏరాలి.

పాత సామాన్ల కొట్టు సంత రోజున కిటకిటలాడుతుంది. కొట్టు ఆసామి, కోడలిని వెంటబెట్టుకుని వచ్చిన పెద్దమ్మను చూడగానే ఎప్పటిలాగే లేచి రేడియో ఆపేశాడు. ఆవిడ వస్తే రేడియో ఆపడం ఆ కొట్లో మర్యాద. ఆపినా ఆపకపోయినా ఇప్పుడు ఆవిడకు ఒకటే, కానీ హుందాగా తలూపింది. మంచాల బేరం చేస్తున్నవాళ్లు, సీసాలు ఏరుకుంటున్నవాళ్లు కూడా వచ్చి చుట్టూ చేరారు. పెద్దమ్మ మిషను ఏరుతుంటే చూడటం వాళ్లకొక వేడుక.

ఆవిడ అక్కడున్న ఒక పాత మిషను రేకు తీసి చూసింది. వాసన చూసింది. అరిగిన రంగు మీద చెయ్యి రాసింది. అన్నీ బాగానే ఉన్నాయి. దారం తీసేసి చక్రం తిప్పి కళ్లు మూసుకుంది.

ఏమీ వినపడలేదు. గొంతు లేని మిషను లోకంలో లేదని ఆవిడకు తెలుసు, ఎంత మంచిదైనా తన మాట తను మాట్లాడుతుంది. ఇక్కడ దూదిలో తల పెట్టినట్టు ఉంది. ఇంకాస్త గట్టిగా తిప్పింది. ఏమీ లేదు. కళ్లు తెరిస్తే అందరూ తనవైపే చూస్తున్నారు. కోడలు కూడా చూస్తోంది. ఆ క్షణంలో, నాకు వినపడటం లేదు అని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఆవిడ గొంతు సవరించుకుని, బతుకుతుంది అంది.

కొట్టు ఆసామి నవ్వాడు. కోడలు తల వంచుకుంది. పెద్దమ్మ ఆ రెండూ చూసింది, దేన్నీ పట్టించుకోలేదు.

మిషను ఇంటికి వచ్చింది, కిటికీ పక్కన చేరింది. మొదటి వారంలోనే కోడలి కుట్టులో తేడా కనపడింది. సాదా గుడ్డ మీద బాగానే వస్తోంది గాని, అతుకుల దగ్గర దారం పైపైనే తేలి కుట్టు తప్పిపోతోంది. కోడలు పక్కకు వచ్చి నిలబడి, భయపడుతూనే, చక్రం వైపు చూపించి ఏదో చెప్పింది. వేలితో బల్ల మీద తట్టి చూపించింది కూడా. మిషను టక్కుమంటోందని చెబుతోందని పెద్దమ్మకు అర్థమైంది. అర్థమై ఒళ్లు మండింది. తను విని బాగుందన్న మిషనుకు నిన్నగాక మొన్న సూది పట్టిన పిల్ల వంక పెడుతుందా?

"పాత మిషన్లన్నీ ఏదో ఒకటి మాట్లాడతాయి. నీ కాలు కుదరలేదు, మిషను మీద పెట్టకు" అంది.

కోడలు మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. గుడ్డ లాగుతున్నావంది. తొందరెక్కువంది. మనసెక్కడో పెట్టుకుని కుడుతున్నావంది. పక్కింటావిడతో, మా కోడలికి కన్నుంది గాని చెయ్యి లేదు అంది. రోజులు గడిచేకొద్దీ ఆ పిల్ల ముఖంలో కళ తగ్గిపోయింది. మిషను ముందు కూర్చునేటప్పుడు భుజాలు ముడుచుకునేది, పరీక్షకు కూర్చున్నట్టు. అయినా ఆమె బొంతలు ఎలాగో పూర్తవుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం పెద్దమ్మ కునుకు తీసే వేళ ఆ పిల్ల ఏం చేస్తోందో ఎవరూ చూడలేదు.

పై వీధి టీచరమ్మ తల్లి పోయింది. టీచరమ్మ ఆ తల్లి బట్టలన్నీ తెచ్చి, వీటితో ఒక బొంత చేసి ఇవ్వండి, కప్పుకుని పడుకుంటాను అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దమ్మ చేతిలో అప్పటికే పని పేరుకుపోయి ఉంది. కోడలి చేతికి ఇచ్చింది. ఆ పిల్ల ముక్కలు పేర్చిన తీరు చూసి టీచరమ్మ మధ్యలో ఒకసారి వచ్చి మురిసిపోయింది. చలి ముందే మొదలవడంతో పెద్దమ్మ తొందరపెట్టింది, ఆఖరి వరసలు ఆదరాబాదరాగా అయ్యాయి, బొంత వెళ్లిపోయింది.

మొదటి ఉతుకుకే అది విడిపోయింది. టీచరమ్మ దాన్ని తడిగానే సంచిలో పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. కింది వరసల్లో అతుకులు నోళ్లు తెరుచుకుని, లోపలి దూది ముద్దలు ముద్దలుగా వేలాడుతోంది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. తల్లి చీర ముక్క ఒకటి అంచు చిరిగిపోయి ఉంటే దాన్నే పట్టుకుని నిమురుతూ నిలబడింది.

పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఆ గుమ్మంలోకి ఒక్క బొంత వెనక్కి రాలేదు. కోడలు పక్కనే ఉంది. పెద్దమ్మ నోటికి ముందు వచ్చిన మాట ఇది.

"మా కోడలి చేతి పని ఇది. మిషను మంచిదే, నేనే ఏరాను. ఈ పిల్లకే ఎంత చెప్పినా చెయ్యి రాలేదు."

టీచరమ్మ కోడలి వైపు చూసింది. కోడలు బొంత అందుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీ మీద ఆరేసింది. సాయంత్రం తన మిషను మీద పాత దుప్పటి కప్పి, నాలుగు మూలలా దోపింది. కొడుకు వచ్చాక అతనితో ఏదో చెప్పింది. కొడుకు తల్లి ఎదురుగా వచ్చి, గట్టి గొంతు కాబట్టి వినపడేలా, వచ్చే వారం నుంచి బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్తుందట, కుట్టుపని ఇక చెయ్యదట అన్నాడు. ఆ పని దానికి కలిసిరాలేదులే అమ్మా అని కూడా అన్నాడు. పెద్దమ్మ తలాడించింది. అర్థం కానప్పుడు ఆడించినట్టే, అర్థమైనప్పుడు కూడా.

మర్నాడు కోడలు ఫ్యాక్టరీ వాళ్లతో మాట్లాడటానికి వెళ్లింది. పెద్దమ్మ ఆరిన బొంత ఒళ్లో వేసుకుని, విడిపోయిన వరసలు బాగుచేద్దామని తిరగేసింది. అప్పటిదాకా కోడలి బొంతల వెనకవైపు ఆవిడ చూడనే లేదు. తప్పు ఎవరిదో తెలిసిపోయినప్పుడు వెనకవైపు ఎవరు చూస్తారు?

చూసేసరికి చేతులు ఆగిపోయాయి. కుట్టు గీత తీగ లాగినట్టు తిన్నగా ఉంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం సమానంగా ఉంది. చెయ్యి రానివాళ్ల గీత వంకర పోతుంది, కుట్లు ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు పడతాయి. ఇక్కడ అదేమీ లేదు. అతుకు మీద అతుకు ఎక్కిన ప్రతిచోటా, అక్కడ మాత్రమే, కుట్టు తప్పింది. అంతటా ఒకే తీరుగా తప్పింది. మనిషి తప్పు అంత పద్ధతిగా ఉండదు, మిషను తప్పే అలా ఉంటుంది. చిన్నపిల్లప్పుడు బల్ల కింద కూర్చుని నేర్చుకున్న మొదటి పాఠమది.

ఇంకా పరీక్షగా చూస్తే, ఆ తప్పిన ప్రతిచోటా సన్నటి చేతికుట్లు ఉన్నాయి. మిషను వదిలేసిన చోటల్లా ఆ పిల్ల సూదీ దారం పట్టుకుని, ఒక్కో అతుకూ చేత్తో కుట్టి నింపింది. ఆఖరి వరసల్లో మాత్రం లేవు. తను తొందరపెట్టిన వరసలు అవే.

పెద్దమ్మ లేచి కిటికీ పక్కకు వెళ్లింది. దుప్పటి తీసింది. గుడ్డలు కొలిచే చెక్క స్కేలు తెచ్చి, ఒక కొస మిషను వీపుకు ఆనించి, రెండో కొస పళ్ల మధ్య బిగించింది. తండ్రి చివరి రోజుల్లో అలాగే చేసేవాడు. అప్పుడు అదేదో ముసలాయన చాదస్తమనుకుంది. కాలు పలక మీద పెట్టి జోరుగా తొక్కింది.

టక్. టక్. టక్. పళ్లలోంచి ఎముకలోకి, ఎముకలోంచి తలలోకి దిగింది. అడుగున దారం తిప్పే షటిల్‌ను మోసే చెయ్యి అరిగి వదులైపోయింది. గుడ్డ మందం ఎక్కినప్పుడల్లా సూదిని అందుకోలేక వెనకబడుతోంది. నెమ్మదిగా చక్రం తిప్పినప్పుడు చేతికి తెలిసే తప్పు కాదది. చెవికి మాత్రం మొదటి చుట్టులోనే తెలుస్తుంది. చెవులున్న ఎవరికైనా తెలుస్తుంది.

స్కేలు నోట్లోంచి తీసేసరికి దానిమీద పళ్ల గాట్లు పడ్డాయి. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. మిషను కోసం కాదు. ఆ పిల్ల వచ్చి బల్ల మీద వేలితో తట్టి చూపించడం కళ్లముందు కదిలి ఏడ్చింది.

కోడలు తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ ఇంకా ఆ మిషను ముందే ఉంది. స్కేలు, తిరగేసిన బొంత, తీసేసిన దుప్పటి చూసి ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

"కొట్లోనే విన్నావు కదూ?" అంది పెద్దమ్మ.

కోడలు తలూపింది.

"మరి చెప్పలేదేం?"

కోడలి పెదవులు కదిలాయి. ఎప్పటిలాగే ఏమీ అందలేదు. ఎప్పటిలాగే పెద్దమ్మ తల కదలబోయింది. బలవంతాన ఆపుకుంది.

"గట్టిగా చెప్పమ్మా. నాకు వినపడదు."

ఆ మాట ఆవిడ ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా అనుకోలేదు. కోడలు దగ్గరికి వచ్చి ఎదురుగా కూర్చుని, గొంతు పెంచింది. అలవాటు లేని గొంతు కావడంతో కాస్త వణికింది.

"అంతమంది మిమ్మల్నే చూస్తున్నారు అత్తయ్యా. టక్కుమంటోందని నేనంటే, మీకు వినపడలేదని వాళ్లందరికీ తెలిసిపోదూ? కొట్టాయనకు కూడా తెలుసు. ఆయన నవ్వింది అందుకే."

"నాకు వినపడదని నీకెప్పుడు తెలిసింది?"

"కొత్తగా వచ్చిన వారంలోనే. వెనకనుంచి పిలిస్తే మీరు పలికేవారు కాదు. ఆయనతో అంటే, మా అమ్మకు బిగువెక్కువ, కావాలనే పలకదు అన్నారు."

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వుకునేవారే. పెద్దమ్మ ఆ పిల్ల చేతులు తీసి చూసింది. ఎడమచేతి వేళ్ల కొసల నిండా సూది పోట్లు.

"ఇన్ని తిట్లు ఎలా పడ్డావే?"

"ఇంట్లో తిట్టారు, సరే అనుకున్నాను. టీచరమ్మ ముందు అన్నారు చూడండి..." కోడలు ఆగి, మళ్లీ గొంతు కూడగట్టుకుంది. "దాంతో నాకే అనుమానం వచ్చింది, నిజంగానే నాకు చెయ్యి లేదేమోనని."

ఏం చెయ్యమంటావో చెప్పమంది పెద్దమ్మ. కోడలు ఈసారి తల వంచుకోలేదు.

"ఆవిడ ముందే చెప్పండి" అంది.

పై వీధి ఎంతో దూరం లేదు. అయినా ఆవేళ పెద్దమ్మకు ఆ దారి తెగలేదు. బొంత సంచి తనే మోసింది, కోడలు అందుకోబోతే ఇవ్వలేదు. టీచరమ్మ ఇంటి వరండాలో పక్కింటివాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామా అనిపించింది. కోడలి ముఖం చూసి, ఆగకూడదనుకుంది.

"మీ అమ్మగారి బొంత పాడైంది నా వల్ల. మిషను చెడ్డది, ఏరింది నేను. నాకు చెవులు పోయి చాలాకాలమైంది, ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల చెయ్యి మంచిది. మీ ఎదుట అబద్ధమాడాను కాబట్టి మీ ఎదుటే చెబుతున్నాను" అంది ఒక్క గుక్కలో.

వరండాలో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీచరమ్మ చాలాసేపు మాట్లాడింది. ఆవిడ కనుబొమలు ముడిపడటం, చెయ్యి అటూ ఇటూ కదలడం పెద్దమ్మకు కనపడుతోంది. ఇదివరకైతే ఈపాటికి తల నాలుగుసార్లు ఆడేది. ఇప్పుడు కోడలి వైపు తిరిగింది.

"ఏమంటోంది?"

కోడలు నీళ్లు నమిలింది.

"ఉన్నదున్నట్టు చెప్పు. సర్దిచెప్పకు."

"వినపడనప్పుడు మిషన్లు ఎందుకు ఏరుతున్నారంటున్నారు. నమ్మి వచ్చినవాళ్లను ముంచడం కాదా అంటున్నారు. మొన్నామధ్య వాళ్ల చెల్లెలికి కూడా మీరే ఏరిపెట్టారట. అదీ సరిగా కుట్టడం లేదట. ఆ పిల్ల కూడా తనకే రావడం లేదనుకుంటోందట."

పెద్దమ్మ ఎంతమందికి ఏరిపెట్టిందో, వాళ్లలో ఎంతమంది తమ చేతుల్నే తిట్టుకుంటున్నారో. అది ఆవిడ ఆలోచించని సంగతి. వాళ్లందరి ఇళ్లకూ వెళ్లాలి. వెళ్లి ఇదే మాట చెప్పాలి.

"ఇంకేమంది?"

"బొంత బాగుచేసి ఇవ్వమన్నారు. వాళ్లమ్మ చీర ముక్క ఒక్కటి కూడా మార్చొద్దన్నారు. కుట్టేది మాత్రం నేనే కుట్టాలన్నారు."

ఇంటికి వచ్చాక పెద్దమ్మ తన మిషను ముందున్న స్టూలు మీదినుంచి గుడ్డముక్కలు తీసేసి, చేత్తో దులిపింది.

"కూర్చో. దీనిమీద కుట్టు. ఇది మా నాన్న చేతిలో నడిచిన మిషను, దీనికి తిరుగులేదు. ఆ బొంత అయ్యాక ఫ్యాక్టరీకి వెళ్లాలో మానాలో నీ ఇష్టం, నేనేమీ అనను."

కోడలు కూర్చుంది. ఆ స్టూలు మీద ఆవిడ తప్ప ఇంకెవరూ కూర్చోగా ఆ ఇల్లు చూడలేదు. ఆ పిల్ల కాలు పలక మీద పెట్టి నెమ్మదిగా తొక్కింది, తర్వాత కాస్త జోరుగా. ఆపేసింది. పెద్దమ్మ ముఖంలోకి చూసి, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగింది.

పెద్దమ్మ స్టూలు దగ్గరికి జరిగింది.  "చెప్పు. గట్టిగా చెప్పు."

"ఇది కీచుమంటోంది అత్తయ్యా. ఎండిపోయి ఒరుసుకుంటోంది."

"ఎప్పట్నుంచి?"

"నేను వచ్చినప్పట్నుంచి."

మిషను గొంతు ఎండినట్టు వినపడగానే నూనె పొయ్యడం ఆవిడ పద్ధతి. రోజులూ వారాలూ చూసుకుని పోసేది కాదు, మిషను అడిగినప్పుడు పోసేది. అది అడుగుతూనే ఉంది. ఏడాదికి పైగా అడుగుతూనే ఉంది. పలక బరువెక్కితే తను మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చుంది. ఆవిడ మిషను భుజం మీద అరచెయ్యి వేసి, ఎంతోకాలం ఎదురుచూడబెట్టిన మనిషి ముందు నిలబడ్డట్టు నిలబడింది.

తర్వాత అలమరలోంచి నూనె సీసా తెచ్చింది. తొలి కుట్లకు నల్లటి మడ్డి దిగుతుంది కాబట్టి ముందు చింకిగుడ్డ మీద నడపాలని చెప్పి, ఒక పాత గుడ్డ మడిచి సూది కింద పెట్టింది. సీసా మూత తీసింది. 

"ఎక్కడెక్కడ ఒరుసుకుంటోందో నువ్వు విని చెప్పు. నేను పోస్తాను" అంది.

కోడలు చక్రం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుంది.